గాయకుడి పిన్ని

సంస్మరణ సభకి ముందురోజు సాయంత్రం. పెరట్లో తీగ మీద నల్లచొక్కా ఆరుతోంది. దాని పక్కన తల్లీ కూతురూ, గుమ్మంలో అల్లుడు.

“ఉతకొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానమ్మా.”

“మెడపట్టీ అంతా మురికే. అద్దాలపెట్టెలో పెట్టి నలుగురికీ చూపిస్తామంటే అలాగే ఎలా ఇస్తాం?”

“ఆ మురికే కావాలన్నారు సభవాళ్ళు. అన్నయ్య చివరిసారి పాడినప్పటి చెమట అది.”

“చెమట చూడ్డానికి వస్తారా జనం?”

“వాళ్ళ పిచ్చి నీకు తెలీదా? అన్నయ్య తాగిన గ్లాసు జేబులో వేసుకుపోయినవాళ్ళున్నారు.”

“అత్తయ్యా, కావాలంటే నేను వేసుకుని మేడమెట్లు ఎక్కి దిగుతాను. చెమటదేముంది?”

“మీ బొజ్జకి ఆ గుండీలు పడితేగా! అమ్మా, ఇప్పుడు వాళ్ళకేం చెప్పను?”

“పిన్ని ఉతికేసిందని చెప్పు.”

“అదిగో. మళ్ళీ పిన్ని.”

“అలవాటైపోయిందే.”

“కన్నకొడుక్కి పిన్నివేంటమ్మా? వాడు పోయిననాడు కూడా వెనక వరసలో నిలబడ్డావు. ఎవరో అమ్మాయి నీ చెయ్యి పట్టుకుని, ‘బాధపడకండి పిన్నిగారూ, ఆయన వాళ్ళమ్మ దగ్గరికే వెళ్ళారు’ అంటే తల ఊపావు. నాకు ఒళ్ళు మండిపోయింది.”

“ఆ పిల్ల మంచికే అంది.”

“అదంతా ఆ పాట చేసిన పని. ‘పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, దించడానికి అమ్మ లేదు.’ అది విన్నవాళ్ళెవరూ అత్తయ్య ఉన్నారని అనుకోరు.”

“రాసినప్పుడు వాడూ అనుకోలేదు బాబూ. నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. ఆశ పెట్టుకోవద్దన్నాడట డాక్టరు. వాడు ఆస్పత్రి మెట్ల మీద కూచుని రాశాడు.”

“రాసినవాడు ఊరుకున్నాడా? వెళ్ళి పాడేశాడు.”

“నేను లేచి కూచునేసరికి ఆ క్యాసెట్టు చేతులు మారి హాస్టళ్ళన్నీ తిరిగేసింది. అంతకుముందు బతిమాలినా వినేవాడు లేడు. మొదటి రికార్డు కట్టలకి కట్టలు వెనక్కొస్తే నీ మంచం కిందేగా పెట్టాం.”

“అందుకని బతికున్న తల్లిని దాచేస్తాడా?”

“వాడు దాచలేదు. చెప్పేస్తానమ్మా, జనానికి చెప్పేస్తానని గోల పెట్టాడు. నేనే వద్దన్నాను.”

“నువ్వా? ఇన్నేళ్ళూ నేను అన్నయ్యనే తిట్టుకున్నాను కదమ్మా.”

“ఓ రోజు లారీ డ్రైవరొకడు గేటు దగ్గర నిలబడ్డాడు. అంత మనిషీ చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మ పోయి నెల తిరగలేదట. ఆ పాట పెట్టుకునే బండి నడుపుతున్నాట్ట. ‘మీరు ఆయనకేమవుతారు?’ అన్నాడు. ఏం చెప్పను? మీ అమ్మ పోయింది గానీ పాడినవాడి అమ్మ నిక్షేపంగా ఉందనా? పిన్నినన్నాను. లోపలికి పిలిచి టీ ఇచ్చాను.”

“ఒక్కడికి చెప్పావు సరే. తరవాత?”

“తరవాత వచ్చినవాళ్ళందరూ వాడిలాంటివాళ్ళే. మీ అన్నయ్య కూడా ఎక్కడ పాడినా ఆ పాట ముందు నాకోసం వెతుక్కునేవాడు. వెనక కుర్చీలో నేను కనపడితే గాని ఎత్తుకునేవాడు కాదు.”

“సరే, అయిందేదో అయింది. ఇప్పుడు అన్నయ్యే లేడు. రేపు నువ్వు వేదిక ఎక్కమ్మా. నేనే వాళ్ళమ్మనని చెప్పు. ఒక్కసారి తనివితీరా ఏడువు. పిన్నిలా కాదు.”

“చొక్కా ఆరిందేమో చూడండి బాబూ.”

“మాట మార్చకు.”

“మార్చట్లేదు. లోపలున్న నీ పిల్లల్ని కూడా పిలు. అందరికీ ఒకేసారి చెబుతాను.”

“ఇదిగో, వచ్చారు. చెప్పండత్తయ్యా.”

“రేపు నేనూ వస్తాను. వెనక కుర్చీలోనే కూచుంటాను. పిన్నిగానే.”

“అమ్మా, ఎందుకే ఇంకా?”

“కొడుకు కంటే తల్లి ముందు పోవాలి కదా. మన ఇంట్లో అది తిరగబడింది. ఆ ఒక్క పాటలోనే సవ్యంగా జరిగింది. అందులో నేను ముందు పోయాను, వాడింకా ఉన్నాడు. అలాగే ఉండనివ్వండి.”