చిల్లంగికి ఏ బలమివ్వాలి

గరివిడిలో యుగంధర్ సెల్‌ఫోన్ల షాపు వెనక గది, ఆదివారం మధ్యాహ్నం. పాచికలు వేసి కథ నడిపే ఆట అక్కడ ఆడతారు. కథ చెప్పేది యుగంధర్. ఇన్నాళ్ళూ చంపడానికే పెట్టిన రాక్షసుల్ని ఈసారి ఆటగాళ్ళకే పాత్రలుగా ఇస్తున్నాడు. మిగతావాళ్ళకంటే ముందు సింధూరి వచ్చింది.

“అందరికీ సేసినట్టే నీకూ సేస్తాను సింధూరీ. నరేష్ గాడు బ్రహ్మరాక్షసుడు కావాలన్నాడు. ఉన్నదున్నట్టు ఇచ్చీస్తే మొదటివారమే మనందర్నీ మింగీసి కూకుంటాడు. అందుకే సగం బలం కోసీసినాను. పైగా ఎదుటోడు పద్యం సదివితే ఆడు తిరిగి పద్యం సెప్పాల, లేపోతే ఓడిపోయినట్టే.”

“నరేష్‌కి ఒక్క పద్యమైనా వచ్చా అన్నా?”

“రాదు. ఆ సంగతి ఆడికింకా తట్టలేదు. నువ్వు సెప్పు, ఏటవుతావు? కొరివిదెయ్యాన్ని శైలజ పట్టుకుపోయింది. శాకిని ఖాళీగా ఉన్నాది.”

“చిల్లంగి.”

“చిల్లంగా? అది మనిషే కదే. సేతబడి సేసే మనిషి.”

“నువ్వు రాక్షసుల్లోనే పెట్టినావు కదా. పోయినేడు ఆటలో మనోళ్ళు దాన్ని సంపినారు కూడా.”

“అవును, ఆ రోజు నువ్వు మద్దిలో లేచెళ్ళిపోయినావు.”

“తలనొప్పి.”

“తలనొప్పికేనా?”

“తలనొప్పే అన్నా. ఇస్తావా, ఇవ్వవా?”

“ఇస్తాను, ఇస్తాను. సూడు, దీని బలాలివి. కంటితో సూస్తే సాలు, పచ్చటి పైరు మాడిపోతాది.”

“తీసీ.”

“తీసీడమేటి? సగం సేద్దాం.”

“మొత్తం తీసీ.”

“సరే. పేరు తలుసుకుంటే ఆ మనిషికి జొరమొస్తాది.”

“తీసీ.”

“పిట్టలాగ మారి ఇంటికప్పు మీద వాలతాది.”

“అదీ తీసీ.”

“అన్నీ తీసీస్తే ఇంకేటి మిగులుతాది?”

“ముసల్ది మిగులుతాది.”

“ఒట్టి ముసల్దాన్ని పెట్టుకుని ఏటాడతావే? పక్కన బ్రహ్మరాక్షసుడు, కొరివిదెయ్యం. ఒక్క దెబ్బకి పోతాది.”

“కొన్ని వచ్చు దానికి. పిల్లలకి దిష్టి తీస్తాది. బాలింతలకి నీళ్ళు పోస్తాది. జొరమొస్తే ఆకుపసరు పోస్తాది.”

“ఇవి బలాలా? సర్లే, రాసుకుంటన్నాను. పసరు పోస్తే జొరం తగ్గీసినట్టేనా, పాచిక వెయ్యాలా?”

“వెయ్యాలి. సానాసార్లు తగ్గుతాది. ఒకసారి తగ్గదు. ఆ పిల్లడు పోతాడు.”

“పోతే?”

“ఊరంతా ఇంటిమీదికొస్తాది.”

“బాగుందే. కథ నడుస్తాది. ఇదిగో, దీని లోపం కూడా ముందే రాసీసినాను. పళ్ళు పీకీస్తే మంత్రం పలకదు. మా ముసలమ్మ సెప్పేది. మంత్రాలే లేవు గాబట్టి ఇది కొట్టీనా?”

“అది ఉంచు.”

“ఎందుకు? మంత్రం లేనప్పుడు పళ్ళు పోతే ఏటి నష్టం?”

“అన్నం నమల్లేదు. గంజి తాగాల. నవ్వొస్తే నోటికి సెయ్యి అడ్డం పెట్టుకుంటాది. తరవాత నవ్వడమే మానేస్తాది.”

“సింధూరీ.”

“రాసుకో అన్నా.”

“ఎవరే ఈవిడ?”

“ఫ్యానేటి తిరగట్లేదు?”

“కరెంటు పోయింది. ఎవరే?”

“మా నాన్నమ్మ. జగ్గమ్మ. నువ్వు సూళ్ళేదు.”

“ఇప్పుడు…”

“లేదు. ఆ తరవాత ఎన్నాళ్ళో బతకలేదు. ఊరోళ్ళు ఇంటిమీదికొచ్చినప్పుడు నేను సిన్నపిల్లని, వడ్ల బస్తాల ఎనక దాక్కున్నాను. అలాగ సూడకు, ఏడవను.”

“సూడ్డంలేదమ్మా. మంచినీళ్ళు తాగు.”

“వద్దు. నాకు ఆటలో నిధులొద్దు, కోటలొద్దు. ఒక్కసారి ఆవిణ్ణి ఊరు దాటించాల. ఎనక గుమ్మంలోంచి సెరుకుతోటలోకి, అక్కణ్ణించి రోడ్డెక్కి ఏదో ఆటో పట్టుకోవాల. అంతే.”

“దాటించీద్దాం. పాచిక ఏటి పడినా దాటీసిందని నేను సెప్పీస్తాను.”

“వద్దన్నా. నువ్వు జాలిపడి దాటిస్తే నాకు దాటినట్టుండదు. పాచిక నిజంగా పడాల.”

“నిజంగా పడాలంటే రెండుపక్కలా లెక్క సరిపోవాల కదే. బలమంతా నువ్వే కోయించీసినావు. ఊరంతా ఒకపక్క, ఒక్క ముసల్ది ఒకపక్క. బలం ఎక్కువైతే కొయ్యాల, తక్కువైతే ఏదో ఒకటివ్వాల. నరేష్‌కైనా, నీకైనా అదే రూలు.”

“ఏటిస్తావు?”

“కర్ర?”

“ఎత్తలేదు.”

“కుక్క?”

“కుక్క ఉండేది. ముందు దాన్నే సంపినారు.”

“అయితే ఉండు, ఉండు. ఒక కొడుకునిస్తాను. గట్టోడు. లోపల గడియ పెట్టీసి తలుపుకి అడ్డంగా నిలబడతాడు. ఆడు నిలబడినంతసేపూ ఒక్కడు లోపలికి రాలేడు. ఈలోగా ఆవిడ సెరుకుతోటలోకి ఎల్లిపోతాది. ఇప్పుడు పాచికకి బతుకుంది. బాగుందా?”

“కొడుకున్నాడన్నా.”

“ఉన్నాడా? మరింకేటి, ఆ రోజు ఇంట్లో లేడా?”

“ఇంట్లోనే ఉన్నాడు. గడియ తీసింది మా నాన్నే.”