రెండో ఎక్కం అయ్యేదాక

సూర్యాపేట, కోదాడల మధ్య ఒక పల్లె. 1949 వేసవి. ఊళ్లో కలరా, ఊరివాళ్లు దాన్ని గత్తర అంటారు. బడికి నీళ్లు మోసే వీరమ్మ ఇంట్లో చాప మీద పడుకొని ఉంది. పదేళ్ల మనవరాలు ఆండాలు వాకిట్లో ఉంది.

"ఇటు రావే ఆండాలూ. దగ్గరికి రా బిడ్డా, ఒక ముచ్చట చెప్త. ఆ... ఆ... గాడనే ఆగు. గడప దాటకు."

"దగ్గరికి రమ్మంటవు, మల్ల గడప దాటకంటవు. ఏందే నాయినమ్మా?"

"గడప అవతల కూసో. నా గొంతు గాడిదాక ఇనొస్తది. ఇనొస్తున్నదా?"

"ఇనొస్తున్నది. గొంతు గట్ల పోయిందేంది నీది? ఏడ్చినవా?"

"నీ అసుంటి మొండిదాన్ని సాదితే ఎవరి గొంతన్న పోతది. మీ నాయిన సుత గింత మొండోడు కాదు. ఆ గిన్నెల ఏమున్నదో సూడు."

"జొన్న గటుక. పక్కింటి చంద్రమ్మత్త పెట్టిపోయింది. నువ్వెందుకు వండలే?"

"నడుము పట్టేసింది. లేవొస్తలేదు. తిను."

"తినను."

"నిన్న తినలే. మొన్న మాపు తినలే. గాలి తిని బతుకుతవా?"

"చేతులు కడగకుండ తినొద్దని పంతులు చెప్పిండు."

"మరి కడుక్కో. ఎవరొద్దన్నరు?"

"కడగను."

"తినమంటే కడగలేదంటవు. కడగమంటే కడగనంటవు. ఎందుకే?"

"కడుక్కుంటే సచ్చిపోతరు."

"ఎవరన్నరు నీకు?"

"బాయికాడ అందరంటున్నరు. గురవయ్య పంతులు చేతులు కడిగించి పిల్లల్ని పొట్టన పెట్టుకుండు అని మల్లన్న మామ అన్నడు. ఐదుగురు, నాయినమ్మా. ఐదుగురూ కడుక్కున్నోళ్లే. మన కిష్ట్యా సుత కడుక్కున్నడు."

"వాని పేరెత్తకు."

"ఎత్తుత. వాడు నా తమ్ముడు."

"ఎత్తు. ఎత్తు బిడ్డా, నేనేమంట. నా పెండ్లయిన ఏడు సుత గిట్లనే గత్తరొచ్చింది, ఎరుకేనా? మా అమ్మగారి ఊరు నిడమనూరు కాడ. ఇంటింటికి వేపాకు కట్టినం, బాట మీద నీళ్లు సల్లినం. మా సోమమ్మ చిన్నమ్మ పొద్దుగాల కల్లాపి సల్లింది, మాపటికి లేదు. అప్పుడు చేతులు కడుక్కోమని ఎవరూ చెప్పలే. కడగనోళ్లు సుత సచ్చిండ్రు. మరి దానికేమంటవు?"

"నాకెరుకలే. నువ్వు ముచ్చట చెప్తనన్నవు. ఇదేనా?"

"కాదు. చెప్త. ముందుగాల నువ్వు చెప్పు. పంతులు బొగ్గు పాఠం యాదికున్నదా?"

"ఎందుకుండదు? అరచేతికి బొగ్గుపొడి రాసుకుండు. యాదగిరి చెయ్యి పట్టుకుండు. యాదగిరి నన్ను పట్టుకున్నడు, నేను దేవమ్మను పట్టుకున్న. ఒకలెంబడి ఒకలు. ఆఖరికి కిష్ట్యా. అందరి చేతులు నల్లగ. అప్పుడన్నడు, 'చూశారా పిల్లలూ, నేనొక్కడినే పూసుకున్నాను, నలభై మందికి అంటింది. జబ్బు కూడా ఇంతే. కాకపోతే అది కంటికి కనపడదు' అని."

"పంతులు పలికే కోదాడ మాట ఎంత మంచిగ పలుకుతవే నువ్వు!"

"కిష్ట్యా నాకంటె మంచిగ పలికెటోడు. నడుము మీద చెయ్యి పెట్టుకొని, 'ఏదీ, గోళ్లు చూపించండమ్మా' అని మేకలకు చెప్పెటోడు."

"మేకలకు... ఆ. అటెన్క?"

"అటెన్క బూడిద పెట్టి రుద్దాలె. వేళ్ల సందుల, గోళ్ల కింద. రెండో ఎక్కం మొత్తం అయ్యేదాక ఆపొద్దు. రెండు ఒకట్ల రెండు, రెండు రెండ్ల నాలుగు..."

"మీ తమ్మునికి ఎంతదాక వచ్చు?"

"రెండు ఐదుల పది దాక. గాడికొచ్చి మరిచిపోయి మల్ల మొదటికొచ్చెటోడు. అందరూ అయిపోయి బువ్వకు కూసున్నా వాడు ఇంక రుద్దుకుంటనే ఉండెటోడు. అందరికంటె ఎక్కువసేపు వాడే రుద్దిండు, నాయినమ్మా. మల్ల వాడెట్ల పోయిండు? నాకది చెప్పు."

"చెప్త. జర ఆగు."

"చెప్పవు. ఎవరూ చెప్పరు."

"నీళ్లెట్ల పొయ్యమన్నడు పంతులు?"

"పోసేది నువ్వు గద. నీకెరుకలేదా?"

"నీ నోటితోని చెప్పు."

"కాగబెట్టి సల్లార్చిన నీళ్లు. చెంబుతోని ధార పొయ్యాలె. నీళ్లల్ల ఎవరూ చెయ్యి ముంచొద్దు. ఒకలు కడిగిన నీళ్లు ఇంకొకలికి తగలొద్దు. చాలా?"

"చాలు. మంచిగ యాదికున్నది నీకు. నలభై మంది పిల్లలే. బడికి రాంగనే ఒకమారు, బువ్వకు ముందర ఒకమారు, దొడ్డికి పోయొస్తె ఒకమారు. బాయినుంచి మొయ్యాలె, కట్టెలేరాలె, కాగబెట్టాలె, సల్లార్చాలె, ఒక్కొక్కరికి వంగి వంగి పొయ్యాలె. నా నడుము..."

"మొదలైంది నడుము ముచ్చట."

"నవ్వు, నవ్వు. నాలుగు రోజులాయె నీ మొఖాన నవ్వు సూసి. పంతులు సూర్యాపేట పోయిండు సూడు, బాయిల ఏసే మందు తెస్తనని?"

"ఆ. మందు దొరికేదాక రెండు రోజులు గాడనే ఉన్నడట. ఆ రెండు రోజులు నేను బడికి పోలే. నన్ను మేకలెంబడి పంపితివి."

"పంపిన. ఆ ఒక్కటే మంచి పని చేసిన నేను. పంతులు పోయేటప్పుడు గీ వాకిట్లకొచ్చిండు. 'వీరమ్మా, నేను లేకపోయినా ధార మాత్రం ఆపొద్దు. పిల్లలు నీ చేతుల్లో ఉన్నారు' అన్నడు. నేనేమన్ననో ఎరుకేనా? 'నువ్వు పోయి రా పంతులూ, ముప్పై ఏండ్ల సంది నీళ్లు మోస్తున్న, నాకు నేర్పుతవా' అన్న. నవ్వుకుంట పోయిండు."

"అటెన్క?"

"దూపయితున్నది."

"నీళ్లు తేనా?"

"వద్దు! రాకు. ఉన్నయి, నా పక్కన ముంతల ఉన్నయి. కూసో నువ్వు."

"కసురుకుంటవేంది? అటెన్కేమైంది?"

"బడి ఎనుక గోళెం ఉన్నది సూడు. పసులు నీళ్లు తాగేది."

"ఆ."

"దాన్ని కడిగిన. మంచిగనే కడిగిన. పొద్దుగాల నిండ నీళ్లు నింపిన. పిల్లలూ, రెండు రోజులు దీంట్ల కడుక్కోండ్రి, పంతులొచ్చినంక మల్ల ధార పోస్త అన్న."

"అందరూ ఆ గోళెంలనే?"

"అందరూ."

"చేతులు ముంచా?"

"ముంచి."

"కాగబెట్టిన నీళ్లేనా?"

"గది అడగకు."

"కాగబెట్టలే."

"గోళెమంత నీళ్లు ఎట్ల కాగబెట్టుదునే? మా బాయి నీళ్లే గద, తాతల నాటి నుంచి తాగుతున్నయే గద అనుకున్న."

"నాయినమ్మా, అచ్చయ్య కొడుక్కు ఆ రోజే గద మొదలైంది?"

"ఆ పొద్దుగాలనే. రెండుసార్లు దొడ్డికి పోయిండు పోరడు. పంతులు చెప్పినట్లే చేసిండు, పాపం. రెండుసార్లూ ఉరికొచ్చి బూడిద పెట్టుకొని కడుక్కుండు. గోళెంల. వాని ఎనుక మిగిలినోళ్లంతా వరుస పెట్టిండ్రు."

"వరుసల కిష్ట్యా ఎక్కడ?"

"పంతులు లేడని పిల్లలే బొగ్గు ఆట ఆడిండ్రు. అందరి చేతులు నల్లగ. ఒక్కొక్కలు కడుగుతుంటే గోళెంల నీళ్లు నల్లగయితున్నయి. నేను సూస్తనే ఉన్న."

"కిష్ట్యా ఎక్కడుండె, నాయినమ్మా?"

"ఆఖరున. ఎప్పుడూ ఆఖరునే గద. వాని ఎక్కం వాడు చదువుకుంట ఎంతసేపో రుద్దిండు. చేతులు తీసి సూసుకుండు. నా కాడికి ఉరికొచ్చి, 'నాయినమ్మా, కడిగితే ఇంక ఎక్కువైంది సూడే' అన్నడు. అరచేతులు రెండూ చూపెట్టిండు. బొగ్గే. నేను నవ్విన బిడ్డా. నా కొంగుతోని తుడిచిన. పో, తినుపో అన్న. ఆ చేతులతోనే సద్ది తిన్నడు. ఆండాలూ, ఉన్నవా?"

"ఉన్న."

"ఏడుస్తున్నవా?"

"లే. పిల్లలందరికి ఎరుకే గద గోళెం సంగతి? యాదగిరి నాకేదో చెప్పబోయిండు, వాళ్లమ్మ గుంజుకపోయింది."

"ఎరుకే. పిల్లల్ని ఎవరడిగిండ్రు? కడుక్కున్నరా అంటే కడుక్కున్నమన్నరు. పెద్దోళ్లకు గంతే కావాల్సొచ్చింది."

"పంతుల్ని కొట్టిననాడు నువ్వు గాడనే ఉన్నవు."

"ఉన్న."

"చెప్పలే?"

"చెప్పలే. పంతులు నా దిక్కు సూసిండు. పెదిమె పగిలింది, అంగీ చినిగింది. అందరి ముందర అడిగిండు, 'వీరమ్మా, ధారే పోశావు కదా?' అని."

"నువ్వేమన్నవు?"

"ధారే పోసిన పంతులూ, అన్న."

"అబద్ధం!"

"అబద్ధమే. ఆయన నమ్మిండు. 'అయితే తప్పు నా పాఠంలోనే ఉంది' అన్నడు. గంతే. బూడిద కుండ ఎవరో తన్నిండ్రు. చెప్పులు సుత తొడుక్కోనియ్యలే. ఆ ఎండల కోదాడ బాటల పడి పోయిండు."

"ఉరికి పిలిస్తే ఆగుతుండె. మల్ల నడుము పట్టిందా?"

"నడుము కాదు. భయం. నలుగురు తల్లులు నిలబడ్డరు గాడ. నన్ను రాళ్లతోని కొడుదురు. మీ అమ్మ, నాయిన కోదాడ కాడ రోడ్డుకు కంకర కొడుతున్నరు, కిష్ట్యా ముచ్చట వాళ్లకు చేరిందో లేదో. గత్తరున్న ఊరని బాట మూసిరి. నిన్నెవరు సూస్తరు అనుకున్న. గట్ల అనుకున్న అని ఇప్పుడు చెప్తున్న. అప్పుడేం అనుకోలే. నోరు దానంతటది అబద్ధమాడింది."

"ఇప్పుడు ఊళ్లె ఎవరూ చేతులు కడుగుతలేరు. దేవమ్మ చేతులు కడిగితే వాళ్ల నాయిన కొట్టిండు."

"ఎరుకే."

"ఉప్పలయ్య తాతింట్ల ఇద్దరు పడ్డరు నిన్న."

"అదీ ఎరుకే."

"మరి పోయి చెప్పు! ఇప్పుడే చెప్పు. గోళెం ముచ్చట చెప్తే మల్ల కడుక్కుంటరు గద?"

"ముందు నువ్వు కడుక్కో. నీకు సమజయింది గద. కడుగుడు తప్పు కాదు. అరుగు మీద చెంబున్నది, చంద్రమ్మ కాగబెట్టిన నీళ్లు. పొయ్యిల బూడిద సుత ఆమెనే తెచ్చి పెట్టింది. అన్నీ ఆమెనే తెచ్చింది, మనింటియి కావు."

"నువ్వు పొయ్యి ధార."

"నేను పొయ్య."

"ఆఖరిసారి నువ్వు పొయ్యలేదనే గద గిదంతా. ఒక్క చెంబు పొయ్యరాదు?"

"గంత మాట అన్నవా? అను. అనాల్సిన మాటే. నువ్వే వంచుకో బిడ్డా. మోచేయితోని వంచు. కడిగిన నీళ్లు చెంబుల పడొద్దు, కింద పడాలె. ఆ, గట్ల. చదువు, నేనింట."

"రెండు ఒకట్ల రెండు. రెండు రెండ్ల నాలుగు. రెండు మూళ్ల ఆరు. రెండు నాల్గుల ఎనిమిది. రెండు ఐదుల పది."

"ఆగినవేం?"

"వాడు గీడనే ఆగెటోడు."

"నువ్వాగకు. ముందుకు పో."

"రెండు ఆర్ల పన్నెండు. రెండు ఏడ్ల పద్నాలుగు. రెండు ఎనిమిదుల పదహారు. రెండు తొమ్మిదుల పద్దెనిమిది. రెండు పదుల ఇరవై."

"సందులల్ల?"

"రుద్దిన. సూడు."

"సూసిన. గీడికెల్లి కనపడుతున్నయి. తెల్లగున్నయి. ఇప్పుడు తిను."

"ఉప్పు లేదు దీంట్ల."

"చంద్రమ్మకు ఎన్నడూ ఉప్పు సమజ కాదు. పెండ్లయిన కాడినుంచి గంతే. తిను."

"తింటున్న. నాయినమ్మా, రేపు పొద్దుగాల చావిడి కాడికి పోదాం. నువ్వు చెప్పు, నేను నీ పక్కన నిలబడత. రాళ్లు పడితే ఇద్దరికి పడతయి."

"నువ్వు చెప్పాలె బిడ్డా."

"నా మాట ఎవరింటరు?"

"ఇయ్యాల ఇనరు. రేపు సుత ఇనరు. చిన్న పిల్లవు, పంతులు నేర్పిన మాట అంటరు. ఇంక ఇద్దరు పోతరు, ముగ్గురు పోతరు, అప్పుడు సుత ఇనరు. అయినా చెప్పు. పంతులు పాఠం మంచిదే, మా నాయినమ్మ గోళెం నింపింది అని చెప్పు. ఎవరో నింపిండ్రు అనకు. పేరు పెట్టి చెప్పు. మీ నాయినకు చెప్పు, కిష్ట్యా చేతులు తుడిచింది నేనే అని. పంతులు కోదాడల ఏ బడిల ఉన్నా ఎతికి చెప్పు, ఆయన తప్పు కాదని. నీకు పిల్లలైతె వాళ్లకు చెప్పు."

"నువ్వే చెప్పరాదు ఇవన్నీ? పోయే ముందు నడుముకు నూనె రాస్త. లోపలికి రానియ్యి."

"రాకు అంటే రాకు! నడుముకేం కాలేదు బిడ్డా, మంచిగనే ఉన్నది. పొద్దటి సంది ఏడుసార్లు దొడ్డికి పోయొచ్చిన, ఇప్పుడు కాళ్లల్ల నరాలు గుంజుతున్నయి. చంద్రమ్మను పిలువు. నా ముంత, నా చీర ముట్టొద్దని చెప్పు. రేపటికి ఈ ముచ్చట మొత్తం ఎరుకున్నదానివి నువ్వొక్కదానివే ఉంటవు. మరువకు. చెప్పు."