‘బంద్’ బ్యాండు నాలుగో పాట

నా పేరు డానియేలు. తండ్రి పేరు గుండయ్య. వయసు ఇరవై ఆరు. లాల్‌దర్వాజాలో ఒక అద్దె మడిగెలో టీవీలు, టేప్‌రికార్డర్లు బాగు చేస్తాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. ఈ రోజు, అంటే 2003 ఆగస్టు 20 బుధవారం, ఉదయం పదకొండు గంటలకు నా అంతట నేనే పోలీసు స్టేషన్‌కు వచ్చాను. ఆదివారం మాదన్నపేట ఫంక్షన్ హాలులో అంజన్ కరెంటు షాకుతో చనిపోయిన కేసులో, ఆ హాలు ఎలక్ట్రీషియన్ బాలనర్సింహను అదుపులోకి తీసుకున్నారు. తప్పు అతనిది కాదు. అది చెప్పడానికి వచ్చాను.

“హాలోన్ని పట్టుకున్నం గద. నువ్వెందుకు నడుమల తల పెడ్తున్నవ్?” అని ఎస్సై గారు అడిగారు. రాసుకోండి సార్ అన్నాను.

మాది ‘బంద్’ అనే బ్యాండు. పెళ్లిళ్లలో వాయించే బ్యాండు కాదు. అంజన్ గిటారు వాయిస్తూ పాడేవాడు. నేను బేస్ గిటారు. డ్రమ్స్ ఫణికుమార్. అంజన్‌కు ఇరవై నాలుగేళ్లు. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూల బుట్టలు దింపేవాడు. వాళ్ల అమ్మ నీలమ్మ అక్కడే దండలు కడుతుంది. ఫణికుమార్ వాళ్లది కోస్తా వైపు. తండ్రి ప్రభుత్వంలో పెద్ద ఇంజనీరు. డ్రమ్స్ అతనివే, షోలు కుదిర్చేదీ అతనే.

1997లో అంజన్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత క్యాసెట్ కొన్నాడు. రీలు తెగి ఉంటే అతికించమని నా దగ్గరికి తెచ్చాడు. అలా పరిచయం. ఒక వైపు మైనర్ థ్రెట్ అనీ, రెండో వైపు రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనీ పెన్నుతో రాసి ఉంది. రెండూ అమెరికా బ్యాండ్లే. మొదటి వైపు అంతా కోపం. ఒక్కో పాట నిమిషం, నిమిషమున్నర. దాన్ని హార్డ్‌కోర్ పంక్ అంటారు. రెండో వైపు కూడా అంతే గట్టిగా కొడతారు, కానీ పాడేవాడి గొంతు పగిలిపోతూ ఉంటుంది. దానికి ఎమో అని పేరుందని మాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఆ రోజు అంజన్ రెండో వైపే మూడుసార్లు వేయించుకున్నాడు. “అన్నా, గీడు ఏడ్సుకుంటనే కొట్లాడుతున్నడు” అన్నాడు.

మా పాటలన్నీ అంజనే రాశాడు, తెలుగులో. 1990 పాతబస్తీ అల్లర్లప్పటి కర్ఫ్యూలో వాళ్ల నాన్న పాల కోసం బయటికి వెళ్లి తిరిగి రాలేదు. అప్పుడు అంజన్‌కు పదకొండేళ్లు. దాని మీద ఒక పాట ఉంది. షోలో నాలుగోది అదే. నీలమ్మ ఆ పాట ఎన్నడూ వినలేదు. ఆమె ముందు పాడనని అంజన్ అనేవాడు.

ఆదివారం, అంటే 17వ తేదీ, షో మూడు గంటలకు. హాలు కూరగాయల మార్కెట్ వెనుక ఉంటుంది. పొద్దున నుంచి వాన. మేము పన్నెండున్నరకు వెళ్లి సామాను పెట్టాము. బెంగుళూరు నుంచి ఒకాయన రికార్డు చేయడానికి వచ్చాడు. బాగా వస్తే సీడీ వేస్తామన్నాడు. గిటారు డబ్బా, అంటే యాంప్లిఫయర్, గుయ్‌మని ఒకటే మోత. అది పాతది. రెండుసార్లు నేనే బాగు చేశాను. లోపల కరెంటు కొద్దిగా లీకవుతుందని, ఎర్త్ లేకపోతే అది గిటారు తీగల దాకా వస్తుందని నాకు తెలుసు.

“ఈ గుయ్ మొత్తం రికార్డులో పడుతుంది. ఎర్త్ తీసేస్తే పోతుందిగా?” అని ఫణికుమార్ అడిగాడు.

“పోతది. గని షాక్ కొడ్తది భాయ్” అన్నాను.

“అరగంట షోనే కదా. ఇంకోసారి వస్తాడా వీడు బెంగుళూరు నుంచి?”

బాలనర్సింహ అక్కడే నిచ్చెన మీద ఉన్నాడు. “ఎర్త్ ముట్టకుండ్రి బాబూ. వాన పడ్తుంది, స్టేజంత చెమ్మగుంది” అన్నాడు. ఈ మాట అతను రెండుసార్లు అన్నాడు. రెండోసారి నా ముఖం చూసి అన్నాడు.

అతను కిందికి టీకి వెళ్లాక, రెండూ పది ప్రాంతంలో, నేను డబ్బా ప్లగ్గు విప్పి పచ్చ వైరు, అంటే ఎర్త్, తీసేశాను. మోత ఆగిపోయింది. ఫణికుమార్ బొటనవేలు ఎత్తి చూపాడు. అంజన్ అప్పుడు బయట సమోసా తింటున్నాడు. వైరు తీసినట్టు అతనికి మేమిద్దరం చెప్పలేదు.

నూట ఇరవై మంది దాకా వచ్చారు. షో మూడుంబావుకు మొదలైంది. రెండో పాట అయ్యాక అంజన్ నా దగ్గరికి వచ్చి, “మైకు తాకితే పెదవులకు చీమ కుట్టినట్లు అయితుందే అన్నా” అని నవ్వాడు.

నేను, “పాడు, ఇంక నాలుగే ఉన్నయి” అన్నాను.

నాలుగో పాట మధ్యలో, ఎడమ చేయి గిటారు తీగల మీద ఉండగా, కుడి చేత్తో మైకు గట్టిగా పట్టుకున్నాడు. చేయి చెమటతో తడిసి ఉంది. బిగుసుకుపోయి వణకడం మొదలుపెట్టాడు. అతను ఎప్పుడూ వణుకుతూనే పాడేవాడు. జనం చేతులెత్తి అరిచారు. ఫణికుమార్ కొడుతూనే ఉన్నాడు. నేనూ వాయిస్తూనే ఉన్నాను. ఎన్ని సెకండ్లో చెప్పలేను. వాయిస్తూనే ఉన్నాను.

మెయిన్ ఆపేసింది బాలనర్సింహ. అప్పుడే అంజన్ పడిపోయాడు. బాలనర్సింహ, ఇంకో ఇద్దరు అతన్ని ఆటోలో వేసుకొని ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను ఆటో దాకా వెళ్లాను. ఫణికుమార్ నా భుజం పట్టుకున్నాడు. “ముందు ఆ వైరు పెట్టేసెయ్” అన్నాడు. నేను ఆటో ఎక్కలేదు. మెయిన్ ఆగి చీకటైన హాలులోకి తిరిగొచ్చి, సెల్‌ఫోను వెలుతురులో, ప్లగ్గు విప్పి వైరు బిగించాను. అంజన్ ఆసుపత్రికి చేరేలోపే పోయాడని తర్వాత విన్నాను. పోలీసులు వచ్చి చూసేటప్పటికి ప్లగ్గు సరిగ్గానే ఉంది. హాలు వైరింగు పాతదని రాసుకున్నారు.

సోమవారం మధ్యాహ్నం అంత్యక్రియల్లో నీలమ్మ నా చేయి పట్టుకుంది. “నీకు కరెంటు పని ఎర్క గద బిడ్డా. నువ్వు పక్కనే ఉంటివి గద. ఎట్లైంది?” అని అడిగింది.

“నాకు తెల్వదమ్మా” అన్నాను. ఆమె నమ్మింది.

నిన్న సాయంత్రం ఐదు గంటలకు ఫణికుమార్ మడిగెకు వచ్చాడు. హాలు మీదే కేసు పోతుందని వాళ్ల నాన్న కనుక్కున్నారట. “మనం నోరు మూసుకుంటే చాలు” అన్నాడు. తర్వాత వాక్‌మన్ తీసి నా చెవులకు పెట్టాడు. నాలుగో పాట. జనం అరుపులతో సహా మెయిన్ ఆగేదాకా ఉంది. అట్ట మీద అంజన్ ఫోటో వేసి సీడీ తెస్తారట.

“ఎంత క్లీన్‌గా వచ్చిందో చూశావా? ఎక్కడా గుయ్ లేదు” అన్నాడు.

షట్టర్ దింపాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున ఇక్కడికి వచ్చాను.

వైరు తీయమని అడిగింది ఫణికుమార్. అతనికి కరెంటు గురించి తెలియదు. నాకు తెలుసు. బాలనర్సింహ రెండుసార్లు వద్దన్నాడు. అతన్ని ఇంటికి పంపండి.

పైన రాసినదంతా స్టేషన్ రైటర్ గారు నాకు చదివి వినిపించారు. ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పాను, అంతా నిజం. ఒక్క చోట ‘పొరపాటున వైరు తీశాను’ అని రాశారు. ‘పొరపాటున’ అన్న మాట కొట్టేయించి, పక్కన నా పొట్టి సంతకం పెట్టాను. తెలిసే తీశాను.

(సంతకం) జి. డానియేలు
20-8-2003, మధ్యాహ్నం 1.40