జర్మనీకి డ్రాఫ్టు చేర్చిన వైనం

అసిరయ్యకి గర్వం అనేది బొత్తిగా లేదు. తన గొప్ప తానే చెప్పుకునేవాడు, అంతే. ఆ భారం ఊళ్ళోవాళ్ళ మీద వేయడానికి ఆయనకి మనసొప్పేది కాదు. పొద్దస్తమానం గోగు కోసీ, దమ్ములు పట్టీ ఇంటికొచ్చిన జనం, పాపం, ఇంకొకణ్ణి పొగిడే ఓపిక ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు?

ఆ ఉదయం గరివిడి స్టేషను బయట, గున్నమ్మ టీ బడ్డీ దగ్గర, ఆయన ఈ పరోపకారానికి దిగడానికి ఇంకో కారణం కూడా ఉంది. చెల్లెలు దాలమ్మ బల్ల మీద కూర్చుని వాల్తేరు పాసింజరు కోసం చూస్తోంది. ఆవిడ కొడుకు అప్పలసూరి జర్మనీలో లోహాలు కరిగించే చదువు చదువుతున్నాడు. వాడి తిండికీ గదికీ విశాఖపట్నం బ్యాంకులో డబ్బు కట్టి, డ్రాఫ్టు రాయించి, విమానం టపాలో పంపాలి. పోయినసారి పంపిన డ్రాఫ్టు అక్కడ చెల్లలేదు. మళ్ళీ కొత్తది పంపేసరికి ఆలస్యమైపోయింది. ఈసారి కూడా అలా అయితే పరీక్షల ముందు వాణ్ణి గది ఖాళీ చెయ్యమంటారట. మొగుడు కాలు విరిగి మంచాన ఉన్నాడు కనక దాలమ్మకి తోడు కావాలి. ఫ్యాక్టరీలో గుమస్తా గంగులు సెలవు పెట్టి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. అసిరయ్యని ఎవరూ పిలవలేదు. అయినా కొత్త ఉత్తరీయం వేసుకుని మరీ వచ్చాడు.

"గంగులుగాడు మంచోడే" అన్నాడు అసిరయ్య టీ ఊదుకుంటూ. "మంచితనంతో జర్మనీ యవ్వారాలు నడుస్తాయేటి? పోయినపాలి డ్రాఫ్టు సెడిపోతే కొత్తది పంపించినోడెవుడు?"

"ఎవుడు మావా?" అన్నాడు గంగులు, తెలిసీ తెలియనట్టు.

"ఎవుడేట్రా? నానే!"

దాలమ్మ రైలు పట్టాల వైపు చూస్తోంది. వింటోందని అసిరయ్యకి తెలుసు. గొంతు కాస్త పెంచాడు.

"బ్యాంకుకెళ్ళానా, మేనేజరు పెద్ద కుర్సీలో కూకున్నాడు. నాను ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్కన్నాను. 'సార్' అన్నాను."

"అంతేనా?" అంది గున్నమ్మ, నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని కాలుస్తున్న చుట్ట నోట్లోంచి తీసి.

"అంతేనా అంటావేటే? అనడంలో ఉన్నాది అంతా. అది ఇని మేనేజరు లేసి నిల్సున్నాడు, ఆయన లేసాడని గుమస్తాలు లేసారు, లోపలోళ్ళు లేసారని ఈదిలో రిక్షావోళ్ళు కూడా దిగిపోయి నిల్సున్నారు. 'బాబూ, తమరు ఏ లండన్లో సదివేరు?' అన్నాడు. సీపురుపల్లి రెండో తరగతని నాను సెప్పనేదు. ఎందుకూ, ఆయన మనసు కష్టపెట్టుకోడం? టకామని కొత్త డ్రాఫ్టు రాసి సేతిలో ఎట్టీసాడు. ఇమానం మాత్రం రేపన్నాడు. అక్కడ కుర్రోడు పస్తులుంటే రేపేటి? తిన్నగా హార్బరుకెళ్ళాను. ఆ తరవాత ఏటయ్యిందో తెల్సా?"

"ఓడెక్కావు" అన్నాడు గంగులు.

"ఎక్కీడానికి ఓడ కదిల్తే గదా! మనూరి మాంగనీసు రాయి నింపీసారు, సూడి గేదెలాగ కూలబడిపోనాది. కేప్టెను తలకాయ పట్టుకుని ఏడుత్తన్నాడు. నాను పంచె ఎగ్గట్టి, దిగబడిన నాటుబండికి ఆనించినట్టు భుజం ఆనించి, ఒక్క తోపు తోసాను. ఓడెల్లిపోనాది. కాస్త గట్టిగా తోసీసానేటో, నాను గట్టు మీదే మిగిలిపోనాను. ఇంకేటి సేస్తాను, ఈదుకుంటా ఎల్లి కొలంబో కాడ అందుకున్నాను."

"డ్రాఫ్టు తడవనేదా అన్నా?" అంది దాలమ్మ, పట్టాల మీంచి చూపు తిప్పకుండానే.

అసిరయ్య ఒక గుటక టీ తాగాడు. ఆ గుటకలోనే దారి దొరికింది.

"తలపాగాలో ఎట్టుకున్నాను సెల్లీ. నా తల తడిసేంత లోతు సముద్రం ఇంకా ఎక్కడా నేదు."

ఇద్దరు పోర్టర్లు తలమీద బరువులు దించి ఆగారు. జనం చేరేకొద్దీ అసిరయ్యకి సముద్రం ఇంకా విశాలమవుతుంది.

"సూయజు కాలవ మూసీసేరు గదా మావా?" అన్నాడు గంగులు. "యుద్ధమని పేపర్లో ఏసాడు."

"మూసీసేరురా! అందుకే ఆఫ్రికా సుట్టూ తిరగాల్సొచ్చింది. దార్లో బొగ్గయిపోనాది. కేప్టెను మల్లీ ఏడుపు. ఆడికి అదొక్కటే వచ్చును. నా కాడ మీ అత్త కట్టిచ్చిన సోడి అంబలి కుండుంది. ఉల్లిపాయ నంజుకుందామని దాసుకున్నాను. పోతే పోనాదని బాయిలర్లో పోసాను. ఓడ ఒక్కపాలి తేన్చింది. ఆ తేన్పుకి ఆఫ్రికాలో ఏనుగులు సెవులు మూసుకున్నాయి. తేన్చి, సుట్టూ తిరగడం ఎందుకనుకుందో ఏటో, ఆఫ్రికా మీంచి ఇలా గెంతీసింది!"

గెంతు చూపించబోయి అసిరయ్య టీ సగం ఒలకబోసుకున్నాడు. పోర్టర్లు పడీ పడీ నవ్వారు. దాలమ్మ పెదవి కొస కూడా కదిలినట్టు ఆయనకి అనిపించింది. ఇంకొంచెం బిగిస్తే చాలు.

"జర్మనీలో దిగాను. మంచు! బ్యాంకు కనపడదు, దాని మీద జెండాకర్ర కనపడతన్నాది. ఎక్కడోళ్ళక్కడ బిగుసుకుపోనారు. ఒకాయన తుమ్ముదామని నోరు తెరిసి, ఆ తుమ్ము రాకుండానే గడ్డకట్టీసాడు. నాను సుట్ట ఎలిగించి ఒక్క దమ్ము లాగి ఒదిలాను. ఆ తరవాత ఏటయ్యిందో తెల్సా? మంచు కరిగి, శ్రీముఖలింగం కాడ వంశధారకి వరదొచ్చినట్టు వచ్చింది. బ్యాంకోళ్ళు బల్లల మీద తేలుతా వచ్చి నా కాళ్ళ కాడ ఆగారు. ఆ తుమ్మాల్సినాయన అప్పుడు తుమ్మాడు."

"సిరంజీవ!" అంది గున్నమ్మ.

"నానూ అదే అన్నాను. సంతకం ఎట్టమన్నారు. ఏలిముద్ర ఏసాను. అది కాయితం మీదా, బల్ల మీదా, బల్ల కింద రాతినేల మీదా పడిపోనాది. ఇప్పుడందులో నీళ్ళు నిలిసి బాతులు ఈదుతన్నాయట. మేనల్లుడి సేతిలో డబ్బెట్టి, అన్నం తినమని సెప్పి, సాయంత్రానికి ఇంటికొచ్చీసాను."

"సాయంత్రానికా బావా?" అంది గున్నమ్మ.

"మరి మా గోగుకట్టలు ఎవుడు ఎత్తుతాడే?"

స్టేషను మొత్తం తనదే అయినట్టు ఉత్తరీయం సవరించుకున్నాడు అసిరయ్య. "ఇప్పుడు సెప్పు సెల్లీ. నీకు తోడు ఎవుడు రావాల?"

దాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది.

"అన్నీ సెప్పావన్నా. మొదటి డ్రాఫ్టు ఎలా సెడిపోయిందో అదొక్కటే సెప్పనేదు."

"అదా? ఏదో... దూరాబారం గదా... పరదేశం గాలి..."

"గాలా?" దాలమ్మ జనం వైపు తిరిగింది. "కవర్లో ఎట్టబోతంటే, 'ఒక్కపాలి ఇలాగియ్యమ్మా, లచ్చిందేవిని వట్టి సేతుల్తో సాగనంపుతామా' అని లాక్కున్నాడు. కొత్తబట్టకి ఎట్టినట్టు నాలుగు మూలలా తడిపసుపు పూసాడు. నడిమజ్జిన కుంకం బొట్టు! సరిగ్గా డబ్బెంతో రాసిన సోట! ఆరతిచ్చాడు, ఒక మూల మాడింది. జర్మనీ బ్యాంకోళ్ళు దాన్ని పట్కారుతో పట్టుకుని, దీనికి ఏ ఇసం పూసారని మా ఓణ్ణి నిల్సోబెట్టి అడిగారట. ఆడు ఆ నెలంతా ఎండురొట్టి నీళ్ళలో ముంచుకు తిన్నాడు."

"మరి మేనేజరు లేసి నిల్సోడం?" అన్నాడు గంగులు.

"మేనేజర్ని సూస్తే గదా! బ్యాంకంటే లచ్చిందేవి గుడని మెట్ల కాడే సెప్పులిప్పీసాడు, నా సేతా ఇప్పించాడు. ఎవుడైనా ఎత్తుకుపోతాడని ఆ సెప్పులకి కాపలా కూకున్నాడు. లోపల ఎవుడో గుమస్తాబాబు నాలుగు ముక్కలు రాసి కొత్త డ్రాఫ్టు టపాలో పంపించాడు."

గున్నమ్మకి నవ్వుతో చుట్ట పొగ అడ్డంపడింది. ఒక పోర్టరు నేలమీదే కూలబడ్డాడు. అసిరయ్యకి పరువు పోయినందుకు పెద్ద బాధ లేదు. చెల్లెలి నిజానికి తన ఓడ తేన్పుకన్నా ఎక్కువ నవ్వు వచ్చిందే, అది మాత్రం కలుక్కుమంది. ఆ తర్వాత తనకీ నవ్వొచ్చేసింది. పట్కారు తలుచుకున్నకొద్దీ పొట్ట ఆగలేదు.

రైలు కూత వినబడింది. దాలమ్మ లేచి సంచీ గంగులుకి అందించింది.

"సెల్లీ" అన్నాడు అసిరయ్య. ఈసారి గొంతులో ఓడల్లేవు, ఏనుగుల్లేవు. "నానూ వస్తానే. సెప్పులు సూసుకుంటాను."

ఆవిడ కాసేపు అన్నని ఎగాదిగా చూసింది.

"రా. ఆ రొండిలోది తీసి ఇక్కడెట్టి రా."

అసిరయ్య తెల్లబోయాడు. మెల్లిగా పంచె మడతలోంచి ఆకుపొట్లం తీశాడు. నిన్న ముఖలింగేశ్వరుడి దగ్గరకెళ్ళి తెచ్చిన పసుపూ కుంకమూ. గున్నమ్మ దాన్ని అందుకుని, "ఊరకే పోతాదేటి" అంటూ టీ కెటిలుకి బొట్టు పెట్టింది.

రైలు పెట్టెలో ఇద్దరి మధ్యా ఇరుక్కుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు అసిరయ్య. ఊరు దాటాక చెల్లెలికి మాత్రమే వినపడేట్టు అన్నాడు:

"ఆ కాయితానికి పసుపెట్టకూడదని నాకు తెల్సునే. మనోడికి ఎల్లేదాన్ని పసుపెట్టకుండా సేతిలోంచి ఎలా వదలాలో, అదే ఇంకా రానేదు."