దాలమ్మ బదనిక

దాలమ్మ పుట్టింటి నుంచి వచ్చి బండి దిగినాది. సారె ఏటి తెచ్చిందో అని అత్త గుమ్మంలోకి వచ్చి సూస్తే, కొంగులో సుట్టుకొని ఉన్నది ఒక బదనిక మొక్కంట. బదనికంటే మీకు తెలీదు, ఈ పల్లంలో పుట్టినోళ్ళు మీరు. కొండ మొదల్లో సెట్లుంటాయి గదా, ఆ సెట్టు కొమ్మని ఏర్లతో కరిసిపట్టుకొని పైనే బతుకుతాది. మట్టి అక్కర్లేదు దానికి. అలాగని సెట్టు రసం తాగీదీ కాదు. వాన, గాలి, మంచు, అదే దాని కూడు. పూసిందనుకో, నక్కతోకంత గుత్తి కిందకి ఏలాడతాది, ఊదారంగుది.

ఇప్పుడదెందుకు తెచ్చిందీ అంటే ఇనండి. దాలమ్మకి తల్లి లేదు. ఇది పాలు మానకముందే పోనాది. తల్లి మొకం కూడా గురుతు లేదంట. పోనీ తండ్రి పోలయ్య సెప్తాడా అంటే, పెళ్ళాం ఊసెత్తితే సాలు, తుండుగుడ్డ బుజాన ఏసుకొని పొలం ఎలిపోతాడు. అయ్యా, అమ్మ ఎలాగుండీది అని సిన్నప్పుడు అడగ్గా అడగ్గా ఇదీ మానీసినాది. పెరట్లో పనస సెట్టుకి తల్లి తన సేత్తో కట్టిన బదనిక, అదొక్కటే మిగిలింది. ఆ యేడు గాలివాన కొట్టి పనస సెట్టు కూకటేళ్ళతో పడిపోనాది. కబురు తెలిసి దాలమ్మ ఎల్లీసరికి పోలయ్య సెట్టుని నరికి పేడులు సేస్తన్నాడు. బదనిక సగం నలిగిపోయి బురదలో పడుంది. దాలమ్మ తీసి కొంగులో ఏసుకుంటే తండ్రి సూసినాడు గాని ఏటీ అన్లేదు. అమ్మది నాకాడ ఇంకేటీ లేదు, దీన్ని సావనివ్వను, అనుకొని బండెక్కీసినాది.

బాగానే ఉంది గాని, అత్తోరిది నేతగాళ్ళ ఊరు. ఇంటి గోడకి ఇంటి గోడ. పెరడు లేదు, ఒక సెట్టు లేదు. పెంచాలంటే ఇంట్లోనే పెంచాలి. అత్త ఆదెమ్మ మంచి మనిషి. ఆ మంచి మనిషే మొక్క పేణం తీసినంత పని సేసింది, అదీ సిత్రం. కోడలి పుట్టింటి మొక్క గదా అనీసి కొత్త కుండ తెచ్చి, మాగిన పెంటమన్ను నింపి, అందులో పాతి, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోసినాది. అక్కడితో ఆగిందా? నేతోళ్ళకి గంజంటే ఎంత నమ్మకమో మీకు తెలుసు గదా. నూలుకి గంజి పెడితే బలం, మనిసికి గంజి పోస్తే బలం, మొక్కకి మాత్రం ఎందుకు కాదనీసి, నూలుకి పట్టించగా మిగిలిన గంజి రోజూ కుండలో ఒంపిందంట. నవ్వకండే, మీరైనా అదే సేద్దురు. ఏటైందంటే, ఆకులు పండిపోయి ఒక్కోటీ రాలిపోనాయి. కుండ కాడికెల్తే పులిసిన కంపు. దాలమ్మ మొక్కని పైకి లాగి సూస్తే ఏర్లు నల్లగా ఉన్నాయి, ఏలితో నొక్కితే కుళ్ళిన అరటిపండులాగ జారిపోతన్నాయి.

అత్త కూలబడి ఏడిసినాదంట, నా సేత్తో సంపీసానే అని. దాలమ్మ ఏడవలేదు. ఇంకా నడుం పచ్చగానే ఉందత్తా, అని కత్తి పట్టుకొచ్చి కుళ్ళిన ఏర్లన్నీ కోసీసినాది. కోసినకాడ పసుపు రాసి, పీచున్న కొబ్బరి డొక్క మీద కూకోబెట్టి, నూలుతో కట్టి, వంటింటి దూలానికి ఏలాడదీసినాది. అక్కడ పొయ్యి పొగ. ఉన్న ఆకులు కాస్తా తోలులాగ ముడుసుకుపోనాయి. తీసీసి వీధరుగు మీద కట్టినాది. మేకొచ్చి ఒక ఆకు కొరికీసింది. మేకకి ఏటి తెలుసు, పాపం. వీధిలో ఆడోళ్ళు, పారెయ్యే, పువ్వులు కావాలంటే సంతలో బంతిపూలు లేవా అన్నారంట. దాలమ్మ ఇంటాదా? మొండి ఘటం అది. దాని మొండితనం ముందు ఇంక ఆ మేకే నయం.

ఒక మిట్టమధ్యాన్నం మొగుడు తవిటయ్యకి మజ్జిగ పట్టుకొని మగ్గం గదిలోకి ఎల్లినాది. ఎల్లి అలాగే నిలబడిపోనాది. ఎందుకంటావా? మగ్గం గది సల్లగా ఉంటాది. దారం ఎండితే పుటుక్కుమంటాదని కింద ఇసక పోసి నీళ్ళు సల్లుతారు, కిటికీ మూసీసుంచుతారు. కొండ మొదల్లో తెల్లారగట్ల గాలి ఇలాగే తగుల్తాది గదా, అని తట్టింది దీనికి. గబగబా ఎల్లి మొక్క తెచ్చి మగ్గం పైన దూలానికి కట్టీసినాది. నిజమే, ముడుసుకున్న ఆకులు ఇచ్చుకున్నాయి. కానీ కొన్నాళ్ళకి రంగు పాలిపోయి, బక్కసిక్కిపోయి, తల వాల్చీసినాయి. గదిలో ఎలుగు లేదు మరి. తడి దొరికింది, ఎండపొడ లేదు. కిటికీ తియ్యాల.

కిటికీ తీస్తే తవిటయ్య ఊరుకుంటాడా? పడమటి గాలి కొట్టి దారాలు తెగితే నేత ఆగిపోతాది, నీ మొక్క కోసం ఇంటిల్లిపాదినీ పస్తుండమంటావా అన్నాడు. అన్నాడంటే అనడా, ఆడి మాటా న్యాయమే. ఇద్దరికీ మాటల్లేవు. ఆడు బువ్వకి లేచినప్పుడల్లా ఇది మూలనున్న పాత మగ్గం మీద కూకొని, అత్త నేర్పిన నేతే గదా, ముతక నూలుతో, సేపల వలకి ఒక్క పిసరు సిక్కగా, ఒక గుడ్డ నేసినాది. నేసి కిటికీకి కట్టి, నీళ్ళతో తడిపి, అప్పుడు కిటికీ తలుపు తీసినాది. ఎలుగు లోపలికి వచ్చినాది, గాలి తడిసి వచ్చినాది. మొగుడు గుమ్మంలో నిలబడి కళ్ళెర్ర సేస్తే ఏటన్నాదంటే, "నీ దారం తెగితే నాను అతుకుతాను. అతకలేనన్న పొద్దున ఈ మొక్కని నా సేత్తోనే పెంట మీద పారేస్తాను." అన్నమాట నిలబెట్టింది. తెగిన ప్రతి దారం తనే అతికినాది. ఎండ ముదిరితే గుడ్డ తడపడం, దారం అతకడం, మళ్ళీ తడపడం. మొక్కకి మాత్రం పొద్దున ఒకసారి తుంపర సల్లి, డొక్క ఆరీదాకా మళ్ళీ ముట్టుకునీది కాదు. అత్త ఎప్పుడైనా సెంబు పట్టుకొని వస్తే, సెంబు లాక్కొనీది. కొన్నాళ్ళకి తవిటయ్యే సూసినాడు, దారాలు ఇదివరకటికంటే తక్కువ తెగుతున్నాయని. మాటాడకుండా లేచి గుడ్డ తనే తడపడం మొదలెట్టినాడంట. మగోడు ఒప్పుకోడం అంటే అంతే, నోటితో ఒప్పుకోడు.

వానలు పడ్డాక కొబ్బరి డొక్కని తన్నుకొని ఒక కొత్త ఏరు బయటకొచ్చినాది, కొస పచ్చగా. తరవాత ఒక ఆకు. ఆ యేడంతా పువ్వు లేదు. ఎదురుసూసినాది. మరుసటేడు ఎండలు ముదిరాక మొగ్గల గొలుసు దిగినాది. అది ఇచ్చుకున్న పొద్దున దాలమ్మ తండ్రికి కబురెట్టినాది, ఉన్నపళంగా రమ్మని. కూతురికేటైందో అని ముసలాడు పరిగెట్టుకొచ్చినాడు. సెయ్యి పట్టుకొని మగ్గం గదిలోకి తీసుకెల్లి నిలబెట్టినాది. ఊదా గుత్తి ఏలాడతంది. పోలయ్య తుండుగుడ్డ బుజం మీదకి తీసుకున్నాడు. ఎలిపోతాడనే అనుకున్నాది ఇది. ఆయన ఆ గుడ్డతో మొకం తుడుసుకొని మగ్గం పక్కన కూకున్నాడు.

"మీ అమ్మకి జుట్టు పలచనే," అన్నాడంట. "ఈ గుత్తి పెట్టుకుంటే నిలిచీది కాదు, జారిపోయీది. జారితే నువ్వే సరిగ్గా పెట్టలేదని నన్ను తిట్టీది. తిట్టినప్పుడు కింద పెదవి ముందుకొచ్చీది, నీకు లాగే."

దాలమ్మ తన పెదవి తడుముకున్నాది. ఆయన ఆపలేదు. ఆవిడ నవ్వు, నడక, ఎండు సేపల పులుసు, ఆకరికి పోయిన పొద్దు కూడా, అన్నీ సెప్పినాడు. ఇన్నేళ్ళూ లోపల ఎక్కడ దాసీసినాడో. వడ్డించిన అన్నం సల్లారిపోనాది, మళ్ళీ వండినారు, అదీ సల్లారిపోనాది. ఆ పొద్దు తవిటయ్య మగ్గం దిగి గుమ్మంలో కూకొని ఇంటన్నాడంట.

అంతే కథ. ఏటలాగ ముక్కు సీదుతావే, పైడీ? నీ తల్లి అదిగో మీ వంటింట్లో గిన్నెలు ఎత్తెత్తి పడేస్తంది గదా. ఎల్లు, మాటాడ్డానికి ఏటీ లేకపోతే తగువైనా ఆడు.