కొంత సంకోచంతో

ఉత్తర మిస్సోరీలో ఒక చిన్న ఊరు. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం. డాక్టర్ టీగ్ క్లినిక్‌లో బల్లమీద వెండెల్ బోర్లా పడుకుని ఉన్నాడు. సహాయకురాలు కెండ్రా తువ్వాళ్ళు మడతపెడుతోంది.

"అబ్బా! అక్కడే, అక్కడే డాక్టరుగారూ!"

"కదలకు వెండెల్. పందుల్ని ఎత్తొద్దని నీకెన్నిసార్లు చెప్పాను?"

"నేనెత్తలేదండీ. అదే వచ్చి నామీద పడింది."

"నువ్వేం చేశావో దానికి. కెండ్రా, ఇలా రా. నువ్వోసారి చెయ్యి వేసి చూడు."

"కింది నుంచి మూడో పూస డాక్టరుగారూ. ఎడమపక్క బిగుసుకుపోయింది. ఇదిగో, నా వేలున్న చోట."

"ఆఁ. నేనూ అదే అనుకున్నాను. వేలు తియ్యకు. వెండెల్, గాలి పీల్చు. వదులు. ఇంకా వదులు..."

"హమ్మయ్యో! టక్కుమంది! విన్నారా? బయట కుర్చీలో మా ఆవిడకి కూడా వినపడే ఉంటుంది. మూడు కౌంటీలు గాలించినా ఇలాంటి చెయ్యి దొరకదు డాక్టరుగారూ. సిటీలో ఆ పెద్దాసుపత్రి కుర్రాడున్నాడే, నన్ను ముట్టుకోనైనా లేదు. కంప్యూటరు వంక చూస్తూ నాకు మాత్రలు రాశాడు."

"మాత్రలు మేమూ రాస్తామోయ్. ఎముకల్ని చేత్తో సరిచేసే ఆస్టియోపతి వాళ్ళమైనా మేమూ డాక్టర్లమే. ముందు చెయ్యి వేసి చూస్తాం, అంతే."

"అదేగా నేననేదీ. ఏమ్మా కెండ్రా, నీకు రెండు కాలేజీల్లో డాక్టరు సీటొచ్చిందటగా? మా ఆవిడ చర్చిలో విని వచ్చింది."

"వచ్చిందండీ. ఇదిగో మీ చొక్కా."

"ఒకటి బెల్నాప్. ఇంకోటెక్కడో ఎడారిలో అంది."

"అరిజోనా."

"అరిజోనానా? అక్కడేముంటాయి, తేళ్ళు తప్ప? ఇంతకీ దేనికి వెళ్తున్నావు?"

"ఇవాళ సాయంత్రం ఐదుతో గడువు. ఆ తర్వాత రెండూ పట్టుకుని కూర్చోనివ్వరు. ఒకటి ఉంచుకుని ఒకటి వదిలెయ్యాలి."

"బెల్నాప్‌కే వెళ్ళు. నలభై మైళ్ళేగా. ఈ చెయ్యి నేర్చుకుని ఇక్కడికే వచ్చెయ్యి. ఈయనేమీ కలకాలం ఉండడు కదా... అంటే, తప్పుగా కాదు డాక్టరుగారూ..."

"తెలుసులే. ఇక పో. వారందాకా వంగకు. పందులకి కూడా చెప్పు."

"చెప్తానండీ. వస్తానమ్మా."

"వెళ్ళాడా?"

"వెళ్ళాడు. భోజనానికి మూశామని తలుపుకి బోర్డు కూడా తగిలించాను."

"కూర్చో. నీ శాండ్‌విచ్ తిను. పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు. విన్నావుగా వెండెల్ మాట? ఊరంతా అదే అంటోంది."

"ఊరు సంగతి వదిలెయ్యండి. మీరేమంటారు?"

"నేనేమంటాను? నీ చదువు, నీ ఇష్టం."

"ఊఁ."

"కాకపోతే బెల్నాప్ మన కాలేజీ. నేను చదివింది. మన దగ్గర ఇన్నాళ్ళూ పనిచేసినదానివని అందరికీ తెలుసు. అక్కడ నిన్ను నెత్తిన పెట్టుకుంటారు."

"అరిజోనాలో పెట్టుకోరా?"

"పెట్టుకోరని కాదు. అక్కడ నువ్వెవరు? నూట యాభైమందిలో ఒకతెవి."

"అదే నాకు నచ్చింది."

"ఏది?"

"అక్కడ నన్నెవరూ టీగ్‌గారి క్లినిక్ అమ్మాయి అనరు. ఆ ప్రయోగశాల చూశాను కదా ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు. పక్కనే ఆసుపత్రి. రాత్రీ పగలూ హెలికాప్టర్లు దిగుతూనే ఉంటాయి. అక్కడ ఒక సర్జనుగారు నా చేతులు పట్టుకుని చూసి, ఇవి ఎక్కడ దాచావమ్మా ఇన్నాళ్ళూ అన్నారు."

"సర్జన్లు అలాగే అంటారు. అందరితోనూ అంటారు."

"అంటారేమో."

"బెల్నాప్ అయితే ఏ శనివారానికా శనివారం ఇటొచ్చి పోవచ్చు. మొదటి రెండేళ్ళే క్లాసులు. ఆ తర్వాత ఎలాగూ విద్యార్థుల్ని చుట్టుపక్కల క్లినిక్కుల్లో వేస్తారు. నిన్ను ఇక్కడికే వేయించుకుంటాను. డీన్‌కి ఒక్క ఫోను కొడితే చాలు. నాలుగేళ్ళూ నువ్వు వెళ్ళినట్టే ఉండదు."

"నేను వెళ్ళినట్టే ఉండదు."

"అదే అంటున్నా."

"ఎవరికి?"

"ఎవరికేమిటి? అందరికీ. మీ అమ్మకి. నాకు."

"శనివారం సరే. సోమవారం వెండెల్ వస్తే ఏం చేస్తారు?"

"చూస్తాను. ఏం చేస్తానంటే?"

"మూడో పూసని ఎవరు పట్టుకుంటారు?"

"కెండ్రా, మెల్లగా."

"ఎవరూ లేరు డాక్టరుగారూ. తలుపు వేసే ఉంది. మీ వేళ్ళకి స్పర్శ పోయి నాలుగేళ్ళు. షుగరు మొత్తం తినేసింది. ఆ రోజు జేబులో చెయ్యి పెట్టి, నాణెమో బొత్తామో తెలియట్లేదు కెండ్రా అన్నారు. ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చారు. మీ ఆవిడకి కూడా చెప్పొద్దన్నారు."

"నువ్వు చెప్పలేదు. నాకు తెలుసు."

"మా అమ్మకి కూడా చెప్పలేదు. ఊరంతా మీ చేతుల్ని పొగుడుతుంటే పక్కన నిలబడి తువ్వాలు మడతపెట్టాను. ఎందుకో తెలుసా? నాకు చెయ్యి వెయ్యడం నేర్పింది మీరు కనక. నా చెయ్యి మీద చెయ్యి వేసి, కంగారుపడకు, ఎముకే నీతో మాట్లాడుతుంది అన్నారు కనక."

"అదంతా ఇప్పుడెందుకు?"

"ఇవాళ పొద్దున నాకో ఫోనొచ్చింది."

"ఎవరు? అరిజోనా వాళ్ళా?"

"కాదు. సీటు లేదన్న కాలేజీల్లో ఒకటి. ఎందుకివ్వలేదో చెప్పమని ఫిబ్రవరిలో ఉత్తరం రాశాను. అడిగితే చెప్తారు. వాళ్ళకి ఇవాళ తీరిక దొరికింది."

"ఇంకా వాళ్ళతో పనేముంది నీకు? రెండు సీట్లు చేతిలో పెట్టుకుని."

"ఇక అవసరం లేదనే అన్నాను ఆవిడతో. మంచావిడ. మార్కులు బాగున్నాయంది. ఇంటర్వ్యూ కూడా బాగా చేశావంది."

"నీకు ఆ కెమిస్ట్రీలో కొంచెం..."

"మార్కులు బాగున్నాయంది డాక్టరుగారూ."

"సరే, సరే."

"మళ్ళీ ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకుంటే, డాక్టరు ఉత్తరం మాత్రం ఇంకొకరి చేత రాయించుకో అంది."

"కాఫీ ఉందా?"

"లేదు."

"పొద్దున పెట్టినట్టున్నావుగా?"

"అయిపోయింది. మీరు ఏం రాశారు?"

"ఏం రాస్తాను? నీ గురించి నాకు తెలిసిందే రాశాను. వాళ్ళేదో పొరపాటు పడుంటారు. వేలకి వేలు దరఖాస్తులు, ఒకరి ఉత్తరం ఇంకొకరి ఫైల్లో..."

"పదకొండు కాలేజీలకి పెట్టాను. పది కాలేజీలు ఆస్టియోపతి డాక్టరు రాసిన ఉత్తరం లేందే దరఖాస్తు ముట్టుకోమన్నాయి. అన్నిటికీ ఒకటే పంపడం మర్యాద కాదన్నారు మీరు. వేళ్ళు మొద్దుబారినా కూర్చుని పది ఉత్తరాలు విడివిడిగా టైపు చేశారు. నాకు ఎంత గొప్పగా అనిపించిందో! కవర్లకి స్టాంపులు నేనే అంటించాను. పోస్టులో నేనే వేశాను."

"కెండ్రా..."

"పదిలో తొమ్మిది కాదన్నాయి. ఒక్క బెల్నాప్ అవునంది. ఇంటర్వ్యూలో వాళ్ళ డీన్ ఏమన్నాడో చెప్పానా మీకు? ముప్పై ఏళ్ళలో ఇలాంటి ఉత్తరం చదవలేదమ్మా అన్నాడు. దారంతా కారులో ఏడుస్తూ వచ్చాను, సంతోషంతో. వచ్చి మీకు చెర్రీ కేకు చేసిపెట్టాను. రెండు ముక్కలు తిన్నారు. షుగరుందని తెలిసి కూడా."

"ఆ ఉత్తరంలో రాసింది ప్రతి అక్షరం నిజం."

"మిగతా తొమ్మిదింటిలో రాసింది?"

"అదీ అబద్ధం కాదు."

"ఏం రాశారు?"

"చాలా మంచే రాశాను. కష్టపడుతుందని రాశాను. రోగులు ఇష్టపడతారని..."

"ఆఖర్న?"

"ఒక్క మాటే."

"ఏమిటామాట?"

"'కొంత సంకోచంతో సిఫారసు చేస్తున్నాను' అని. అంతే. ఒక్క మాట."

"ఒక్క మాట."

"అంతే కెండ్రా. ఒట్టు."

"పదేళ్ళు బెల్నాప్ ఎంపిక కమిటీలో కూర్చున్నారు మీరు. ఆ మాటున్న ఉత్తరం వస్తే ఏం చేసేవాళ్ళు?"

"అదెప్పటి సంగతో."

"చెప్పండి. నాకు మీరే చెప్పారు ఒకసారి, నవ్వుతూ. ఏం చేసేవాళ్ళు?"

"పక్కన పడేసేవాళ్ళం."

"ఆ తొమ్మిదిలో మూడు కాలేజీల ఇంటర్వ్యూలకి వెళ్ళాను. నీలం కోటు కొనుక్కున్నాను. ప్రతి చోటా మీ పేరు చెప్పి గర్వంగా కూర్చున్నాను. వాళ్ళేమో నన్ను జాలిగా చూశారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. నాలోనే ఏదో లోపముందనుకున్నాను. ఫిబ్రవరి అంతా నిద్రపోలేదు."

"నిన్ను డాక్టరు కానివ్వకూడదని కాదు. కావాలనే. నాకంటే ఎక్కువ ఎవరు కోరుకున్నారు? ఇక్కడ కావాలని, అంతే. బెల్నాప్ దగ్గర. నలభై మైళ్ళు."

"బెల్నాప్‌ని మీరు నాకోసం ఉంచారు. అరిజోనా వాళ్ళు ఉత్తరం అడక్కపోబట్టి బతికిపోయింది. లేకపోతే ఎంచుకోవడానికి నాకేం మిగిలేది?"

"నువ్వు వెళ్ళిపోతే నేనేమిటి చెప్పు? నలభై ఆరేళ్ళుగా ఈ గదిలో ఉన్నాను. పొద్దున లేస్తే కాలి చెప్పు తొడుక్కున్నానో లేదో చూసుకుంటేగానీ తెలియదు నాకు. ఈ బల్ల దగ్గర ఉన్నంతసేపే నేను టీగ్‌ని. ఇంటికి పోతే టీవీ ముందు కూర్చున్న ముసలాణ్ణి."

"మీ పేరు పోతుందని."

"నా పేరు ఒక్కటే కాదు. వెండెల్ ఎక్కడికి పోతాడు? ఆ ముసలమ్మలంతా ఎక్కడికి పోతారు? ఈ కౌంటీలో ఇంకో డాక్టరు ఉన్నాడా?"

"వెండెల్‌ని అడ్డం పెట్టుకోకండి. ఆ మాట నన్నే అడగొచ్చుగా?"

"ఏ మాట?"

"ఉండిపో కెండ్రా, నువ్వు లేకపోతే నాకు గడవదు అని."

"అడిగితే ఉంటావా? ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లవి. ప్రపంచమంతా ముందుంది. ఎవరుంటారు?"

"మీరు అడగలేదు."

"సిగ్గేసింది. నీకు నేర్పినవాణ్ణి. నిన్ను పట్టుకుని బతుకుతున్నానని ఏ మొహంతో చెప్పను?"

"ఆ ఉత్తరాలు టైపు చెయ్యడానికి సిగ్గెయ్యలేదా? తొమ్మిది. ఒక్కటి కాదు, రెండు కాదు. ఆ సంకోచం మాట తొమ్మిదిసార్లు టైపు చేశారు. నాలుగోదో ఐదోదో చేస్తున్నప్పుడైనా చెయ్యి ఆగలేదా?"

"ఆగింది."

"ఆగి?"

"నువ్వు వచ్చి కాఫీ పెట్టావు. మళ్ళీ మొదలుపెట్టాను."

"ఛీ!"

"అను. ఇంకా అను. నేను పడాల్సిందే."

"మా నాన్న పోయాక ఈ ఊళ్ళో నేను నమ్మింది మిమ్మల్నే."

"విను. నా మాట విను. టైమెంతైంది?"

"పన్నెండున్నర."

"ఐదింటిదాకా టైముంది. నాలుగున్నర గంటలు. నువ్వు అరిజోనా వెళ్ళు."

"ఏమిటి?"

"వెళ్ళమంటున్నాను. ఆ సర్జను చెప్పింది నిజమే. అందరితోనూ అనరు వాళ్ళు. నేను కుళ్ళుకుని అన్నాను. నీ చేతులు నావాటికంటే మంచివి, నావి బాగున్న రోజుల్లో కూడా. బెల్నాప్‌లో నిన్ను నాలాగే చేస్తారు. అక్కడికైతే నువ్వు నీలాగే ఎదుగుతావు."

"డాక్టరుగారూ..."

"అడ్డం రాకు, మళ్ళీ ధైర్యం పోతుంది నాకు. వెండెల్‌కి నేనే చెప్తాను. నాలుగేళ్ళుగా నిన్ను బాగుచేస్తోంది నేను కాదోయ్, ఆ పిల్ల అని. చర్చిలో నిలబడి చెప్తాను. బయట నా పేరు రాసిన బోర్డుందే, అది ఈ వారమే దింపించేస్తాను. ఇదిగో ఫోను. అరిజోనా వాళ్ళకి చెయ్యి. బెల్నాప్ వదిలేసి వస్తున్నానని చెప్పు."

"ఫోను కింద పెట్టండి."

"నన్ను క్షమించొద్దు. క్షమించమని అడగట్లేదు. వెళ్ళు, అంతే. నంబరు చెప్పు, నేనే కలుపుతాను. చెప్పు కెండ్రా, నంబరేది?"

"అరిజోనాలో నాకు సీటు లేదు డాక్టరుగారూ. శుక్రవారం సాయంత్రమే వదిలేశాను. ఇవాళ భోజనం దగ్గర మీకు చెప్పి సంతోషపెడదామనుకున్నాను. నేను కూడా వెళ్ళిపోతే మీ చెయ్యి పట్టుకుని చోటు చూపించేవాళ్ళు ఎవరుంటారని, వదిలేశాను."