షేరు ఒక్కపొద్దు

మోస్రా బస్టాండుకాడ గంగమణి హోటలంటే నాలుగు రేకులు, రెండు బల్లలు, ఒక స్టవ్వు, గంతే. ఆ శనివారం పొద్దుగాల ఒక బల్ల మీద రాజలింగు కూసున్నడు, బల్ల కింద షేరు పండుకున్నది. షేరంటే రాజలింగింట్ల పెరిగే లాబ్రడారు కుక్క. అది జెర అటిటు మెసిలితే సాలు, బల్ల మీది చాయ్ గిలాసలు గల్లుమంటున్నయ్.

ఎదురుంగ రాజలింగు తమ్ముడు విష్ణు కూసున్నడు. టౌనుల, కంఠేశ్వర్‌ల ఫోన్ల దుకాణం ఆయనది. షేరును పిల్లప్పుడు కొన్నది ఆయనే. మూడో అంతస్తుల చిన్న ఇల్లాయె, పట్టక అన్నకాడ ఇడిసిండు. ఎండకాలంల డాక్టరుకు చూపిస్తే, బరువు తగ్గకుంటే దీని వెనక కాళ్లు పడిపోతయన్నడు. "తగ్గించకపోతివా, నేను తీస్కపోత అన్నా" అని విష్ణు గప్పుడే చెప్పిండు. ఇయ్యాల తగ్గిందో లేదో చూసేతందుకు వచ్చిండు. ఆటో మాట్లాడుకొని వచ్చిండు, చేతిల కొత్త గొలుసు ఉన్నది. రాజలింగు ఆ గొలుసు దిక్కు చూస్తలేడు. కుక్కను తీస్కపోతడని ఆయనకు భయం. గందుకే నోరు ఆగుతలేదు.

"కుక్క తిండి మన చెప్పుచేతల్ల ఉండాలె తమ్మీ. మొదాలు నేనేం జేసిన? గిన్నె ముందట పెట్టి 'ఆగు' అన్న. షేరు ఆగిండు. నేను మొకం కడుక్కొని, చాయ్ తాగి, పసుపు చేనుకు నీళ్లు పెట్టొచ్చిన. అట్లనే కూసున్నడు."

"చేను పారేదాంకనా?" గంగమణి చాయ్ వడపోసుకుంటనే అడిగింది.

"మరేమనుకున్నవ్! ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? అన్నం సల్లగైంది, కాకొచ్చి మెతుకులు పట్టుకపోయింది, షేరు సూస్తుండు గని నోరు పెడితె ఒట్టు. నేను 'తిను బేటా' అన్నంకనే తిన్నడు. గప్పుడనుకున్న, ఈడు మామూలోడు గాదు, ఈనికి నేమాలు నేర్పొచ్చని. శనివారం నేను ఒక్కపొద్దుంట గద, ఆడు గుడ ఉంటనన్నడు."

"అన్నడా?" అన్నడు చంద్రయ్య. రాజలింగు మాటలు ఇననీకే రోజు వచ్చి కూసునే ముసలాయన.

"నోటితోని అంటడా కాకా? అన్నం పెడితే మొకం తిప్పుకున్నడు. శనివారం ఒక్కటే గాదు, సోమవారం, గురువారం గుడ షురూ జేసిన. నాకు యాదిమరుపైనా ఆనికి కాదు, గోడకున్న క్యాలెండర్ ముందట పోయి కూసుంటడు. ఈన్ని సూసి మా గల్లీ కుక్కలన్ని శనివారం ఒక్కపొద్దు పట్టినయ్. యాటకూర కొట్టే మటన్ దుకాణమాయన దుకాణం తెర్సిపెట్టి, నిమ్మలంగ పండుకుంటుండు."

"శనివారం యాట ఎవలు కొంటర్రా?"

"కొన్నరనుకో కాకా, నడ్మల అడ్డం రాకు. మొన్న బోధన్‌ల నా దోస్తు బిడ్డ పెండ్లాయె. కూర డేగిసలకాడ కావలికి ఎవల్ని పెట్టిన? షేరును! పొద్దాక ఒక్క బొక్కగాని తునకగాని ముట్టలే. పైంగ వాసన సూసి, ఉప్పు తక్కువైతే తోక గిటు, కారం ఎక్కువైతే తోక గటు. వంటాయన నా చేతులు పట్టుకున్నడు, 'అన్నా, ఈన్ని నాకియ్యి, జీతమిచ్చి పెట్టుకుంట' అని."

బల్ల కింద షేరు పెద్దగ ఆవలించింది. విష్ణు నవ్వు ఆపుకొని దాని నడుం దిక్కు చూసిండు. నడుమెక్కడుందో దొరకలే.

"అది కొవ్వు గాదు తమ్మీ, బలం" అన్నడు రాజలింగు జెల్దిగ. "ఆ బలంతోనే గద చిరుతపులిని ఆపిండు!"

"ఇగ పులి గుడ వచ్చింది" అన్నది గంగమణి.

"వచ్చిందంటె వచ్చింది! మా చెరుకు తోటలకు, నోట్లె మేకపిల్లను కరుసుకొని వచ్చింది. నేను గడ్డపార కోసం ఉరికిన. షేరు పోయి దానికి అడ్డం కూసున్నడు. మొరగలే, గుర్రుమనలే, ఊకె దాని కండ్లల్లకు సూసిండు. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? ఆనాడు శనివారమని చిరుతకు యాదికొచ్చింది. సిగ్గైంది దానికి. మేకపిల్లను నిమ్మలంగ కింద పెట్టి, రెండు చెరుకు గడలు ఇర్సుకొని పోయింది."

"పులి చెరుకు తింటదా?"

"తినుడు గాదు కాకా, ఫలారం జేసింది!"

చంద్రయ్య తొడలు కొట్టుకుంట నవ్విండు. గంగమణి నవ్వలే.

"ఫలారమంటే యాదికొచ్చింది రాజలింగన్నా. ఒక్కపొద్దు నాడు షేరు ఫలారమేం జేస్తడు?"

రాజలింగు ఛాతి పెద్దగైంది. ఇగ ఇదైతే కోత గాదాయె, ఇంట్ల నడిచే ముచ్చటే. "అన్నమైతే మెతుకు ముట్టడు. పొద్దుగాల సాబుదాన కిచిడి, పల్లీలు బాగేసి. మీ వదినె అంజవ్వ చేతి కిచిడంటే పానం ఆనికి. కొన్ని అరటిపండ్లు. పగటీలి నెయ్యేసి ఉప్మ. ఉపాసమున్న పానం గద, కండ్లు తిరుగుతయని పాలల్ల ఇంత బెల్లం. పొద్దుమీకి రొట్టెలు, చెక్కెర. దేవునికాడ కొట్టిన కొబ్బరికాయ ఎట్లాగూ ఆనిదే."

విష్ణు ఏళ్ల మీద లెక్క పెట్టుకున్నడు.

"వారంల మూడు రోజులు గిట్లనేనా అన్నా?" అన్నడు విష్ణు.

"మూడు రోజులు! అయినా తగ్గుతలేడని, మంగళవారం గుడ పెడుదామనుకుంటున్న."

"ఓ అన్నా!" గంగమణి నెత్తి కొట్టుకున్నది. "అన్నం తినే రోజులల్లనే షేరు ఉపాసముంటున్నడే!"

చంద్రయ్యకు చాయ్ పొరవోయి దగ్గొచ్చింది. రాజలింగు వంగి బల్ల కిందికి చూసిండు. షేరు తోక ఊపితే గిలాసలు గల్లుమన్నయ్. గప్పుడు ఎక్కింది ఆయనకు. తమ్ముడు గొలుసు పట్టుకొని లేసిండు.

"తీస్కపోకు తమ్మీ." రాజలింగు గొలుసుకు చెయ్యి అడ్డం పెట్టిండు. "అన్నం బంద్ పెడితే తగ్గుతడనే అనుకున్న, నిజంగ. ఆడు లేకుంటే చేన్ల నాకు తోసదు. ఇన్ని ముచ్చట్లు చెప్త గద, ఇన్నోళ్లందరు నవ్వుతరు. ఆడొక్కడే నవ్వకుంట ఇంటడు."

విష్ణు అన్న మొకం చూసిండు, కుక్క మొకం చూసిండు. మళ్ల కూసున్నడు.

"నెల చూస్త. డాక్టరు చెప్పిందే తిండి, చెప్పినంతనే. ఒక్కపొద్దులు నువ్వుండు, ఆనికి బంద్. రోజు చెరుకు తోటల దాంక నడిపియ్యి. మరి నీ చేతికి కావలెవరు?"

"నేనుంట" అన్నది గంగమణి.

విష్ణు గొలుసును స్టవ్వు వెనక మేకుకు తగిలిచ్చిండు. "పెట్టినట్టు కనవడితే ఒక్క ఫోన్ కొట్టక్కా, వచ్చి తోల్కపోత."

రాజలింగుకు పానం లేచొచ్చింది. గంగమణి ఇచ్చిన బన్ను తుంచుకుంట మళ్ల షురూ జేసిండు. "నెలెందుకు తమ్మీ! పది రోజులల్ల ఈన్ని లేడిపిల్ల లెక్క జేస్త సూడు. ఆ తర్వాత ఏమైతదో ఎర్కనా..." మాట మీద మాట పోతుంటే, సగం బన్నున్న చెయ్యి దానంతటదే బల్ల కిందికి పోతున్నది.

"అన్నా, చెయ్యి!" అన్నది గంగమణి.

"అరె, బన్ను అన్నమా ఏంది?"

విష్ణు లేసి మేకు దిక్కు చెయ్యి చాపిండు. రాజలింగు ఆగమాగమై బన్ను రెండు ముక్కలు తన నోట్లెనే కుక్కుకున్నడు.

"చెప్పురా, ఆ తర్వాత ఏమైతదో?" అన్నడు చంద్రయ్య.

రాజలింగు నోరు నిండ బన్నాయె. షేరు మాత్రం చెవులు నిక్కబెట్టి, ఆయన నోటి దిక్కే చూసుకుంట కూసున్నది.